కొంగరాయి జెట్టీ

నేను సొల్లే దీవికి కోడలిగా వచ్చిన కొత్తలో మొక్పో రేవుపట్నం లాంచీ ఒడ్డుకు వచ్చేది కాదు. మూడు రోజులకోసారి వచ్చి, పిలిస్తే వినబడేంత దూరంలో సముద్రంలోనే ఆగి కూత వేసేది. కూత వినగానే యోమ్ పంగిల్ తన పడవ తోసుకుని ఎదురెళ్ళేవాడు. మనుషులైనా, బస్తాలైనా, పందిపిల్లలైనా లాంచీ మీంచి అతని పడవలోకి దిగాల్సిందే. అందుకు ఏడాదికి రెండుసార్లు ప్రతి ఇంటివాళ్ళూ అతనికి బార్లీ కొలిచేవాళ్ళు. అతని తండ్రికీ అలాగే కొలిచారట.

లాంచీ ఒడ్డుకే ఆనుకునేలా జెట్టీ కట్టాలన్న ఆలోచన సూండక్ పెద్దమ్మది. ఆమె ఆడవాళ్ళ సంఘానికి పెద్ద. మొగుడు పోయాక ముగ్గురు కూతుళ్ళని, మేం తినే సముద్రపు నాచు అమ్మిన డబ్బు మీదే పెంచింది. చలికాలమంతా మేం సముద్రంలోంచి నాచు కోసి, సన్నగా తరిగి, చాపల మీద అప్పడాల్లా పలచగా పోసి ఎండబెట్టేవాళ్ళం. ఇంత చేసీ, పడవలోంచి లాంచీలోకి ఎక్కించేటప్పుడు ఒక్క అల తగిలితే చాలు, కట్టలు చెమ్మగిల్లేవి. మొక్పో వర్తకుడు వాటిని వేలితో నొక్కి చూసి పక్కన పడేసేవాడు.

ఆ ఏడు వసంతంలో సర్కారు ఊరూరికీ సిమెంటు బస్తాలు పంపింది. మిగతా ఊళ్ళవాళ్ళు రోడ్లన్నారు, కప్పులన్నారు. పెద్దమ్మ జెట్టీ అంది. ఊరి మీటింగులో పెట్టకముందే బియ్యపు కల్లు సీసా పట్టుకుని పంగిల్ ఇంటికి వెళ్ళింది. తోడుగా నన్ను తీసుకెళ్ళింది.

"నీకు చెప్పకుండా నలుగురిలో పెట్టడం మర్యాద కాదని వచ్చానయ్యా," అంది.

పంగిల్ సీసా వంక చూశాడు. "నా పొట్ట కొడుతూ కల్లు కూడా పోస్తావా వదినా?" అన్నాడు. సీసా ముట్టుకోలేదు. మీటింగుకీ రాలేదు.

సర్కారు ఆఫీసు నుంచి ఓ కుర్ర ఇంజినీరు మ్యాపు తెచ్చి, ఇళ్ళకి దగ్గరని ఊరి ఎదురుగానే చోటు గుర్తుపెట్టాడు. మగవాళ్ళు వీపున, ఆడవాళ్ళం నెత్తిన రాళ్ళు మోశాం. పంగిల్ పెళ్ళాం ఒక్‌బున్ కూడా మొదటి రోజు నుంచే గంప పట్టుకుని వచ్చింది. మొగుడు వద్దనలేదు, రమ్మననూ లేదు. కట్టిన నెల తిరక్కుండానే పెద్ద పోటు వచ్చి సగం లాక్కుపోయింది. మళ్ళీ కట్టాం. శరత్కాలపు పౌర్ణమి పోటుకి అదీ పోయింది. సిమెంటు సగానికి పైగా అయిపోయింది. రాయి కింద పడి పెద్దమ్మ ఎడమచేతి వేళ్ళు రెండు నలిగాయి. ఆమె మాట విని చెడిపోయామని జనం చాటున గొణగడం మొదలుపెట్టారు.

ఆ పొద్దున ఆడవాళ్ళమంతా చెదిరిన రాళ్ళ మధ్య కూలబడి ఉన్నాం. పంగిల్ తన పడవని ఒడ్డుకి లాక్కుంటున్నాడు. ఒక్‌బున్ లేచి అతని దగ్గరికి నడిచింది.

"ఇక్కడ నిలవదని నీకు తెలుసు కదా?" అని అడిగింది.

అతను తాడు చుట్టడం ఆపలేదు. "తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"నన్నెవరడిగారు?"

"నేనడుగుతున్నా. పదకొండేళ్ళయింది మా అమ్మ మొహం చూసి. ఎందుకో వీళ్ళందరికంటే నీకే బాగా తెలుసు."

పెళ్ళికూతురిగా వచ్చిన రోజున ఒక్‌బున్ లాంచీకీ పడవకీ మధ్య జారి నీళ్ళలో పడింది. పంగిలే జుట్టు పట్టుకుని పైకి లాగాడు. ఆనాటి నుంచి ఆ పడవవాడి పెళ్ళాం పడవలో కాలు పెట్టలేదు. తండ్రి పోయాడని కబురొచ్చిన రోజున కూడా లాంచీ కూత వింటూ వంటింట్లోనే కూర్చుండిపోయిందట. ఇది ఊరందరికీ తెలుసు. అతని ముందు ఎవరూ ఎత్తరు. పంగిల్ తాడు అక్కడే పడేసి ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున, నీళ్ళు వెనక్కి తగ్గే వేళకి, పెద్దమ్మ గుమ్మంలో నిలబడి నాలుగు వెదురు గడలు, ఎర్రగుడ్డ పీలికలు అడిగాడు. ఆమెనీ ఇంజినీరునీ పడవెక్కించుకుని దీవికి పడమటగా నీళ్ళలోకి పొడుచుకొచ్చిన కొంగరాయి అనే పెద్ద బండ వెనక్కి తీసుకెళ్ళి, గడలు పాతాడు. పోటైనా పాటైనా ఆ రాయికి తగిలి అక్కడ చల్లారిపోతుందనీ, ఊరికి దూరమైనా నిలుస్తుందనీ చెప్పాడు. మ్యాపులో అక్కడ లోతు లేదని ఇంజినీరు అన్నాడట. "నీ కాగితం ఎప్పుడైనా సముద్రంలో తడిసిందా తమ్ముడూ?" అని పంగిల్ అడిగాడని పెద్దమ్మ చెప్పి నవ్వింది. ఆమె నవ్వగా చూసి చాలా రోజులైంది.

ఉన్న సిమెంటుతో పై వరస మాత్రమే వేయగలిగాం. అడుగంతా వట్టి రాళ్ళే. ఆ రాళ్ళని పంగిలే పడవలో తీసుకెళ్ళి, ఏది ఎక్కడ పడాలో చూసి చూసి వదిలాడు. తన బతుకుతెరువుని తన చేత్తోనే పూడుస్తున్నట్టుందని నాకనిపించింది. అతను మాత్రం పని వేళ పని మాటలే మాట్లాడాడు.

మరుసటి వసంతంలో లాంచీ మొదటిసారి మా రాళ్ళని ఆనుకుని ఆగింది. ఒక్‌బున్ తెల్లచొక్కా వేసుకుని, తల్లికని నాచు మూట కట్టుకుని వచ్చింది. లాంచీలోకి ఎక్కడానికి వేసిన చెక్క పలక దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తాడు కడుతున్న పంగిల్ తలెత్తకుండానే, "కిందకి చూడకు. ఎదురుగా ఆ పొగగొట్టం చూడు," అన్నాడు. ఆమె చూసింది. రెండడుగులు వేసింది. లాంచీలో ఉంది.

నెల రోజులు తల్లి దగ్గరే ఉండిపోయింది. పంగిల్ లాంచీ వచ్చినప్పుడల్లా వెళ్ళి తాడు అందుకునేవాడు. పని కోసమేననేవాడు.

బార్లీ ఇంకో మూడేళ్ళు కొలవాలని ఊరంతా ఒప్పుకున్నాం. అతను ఒక ఏడు తీసుకుని, రెండో ఏడు గంపలు తిప్పి పంపేశాడు. నాచుకి మంచి ధర వచ్చింది. గడ్డికప్పుల స్థానంలో రేకులు లేచాయి. ఒంటరిగా వచ్చి పోతుండే స్కూలు మాస్టారు భార్యాబిడ్డల్ని తెచ్చి కాపురం పెట్టాడు. పెద్దమ్మ కూతుళ్ళలో ఇద్దరు అదే జెట్టీ మీంచి బూసాన్ పట్నంలో రబ్బరుచెప్పుల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళిపోయారు.

మూడో చలికాలం పంగిల్ కూడా మాతోపాటు నాచు చాపల ముందు కూర్చున్నాడు. అతని చేతికి పలచగా పొయ్యడం ఎంతకీ అబ్బలేదు.

"ఇది నాచా బాబాయ్, దుప్పటా?" అన్నాను ఓ రోజు, అతను పోసింది ఎత్తి చూపిస్తూ.

"కప్పుకోవే, చలిగా ఉంది," అన్నాడు.

ఒక్‌బున్ నవ్వాపుకుంటూ వచ్చి పక్కన కూర్చుని, అతని చేతిలోంచి గరిటె తీసుకుని, ఎలా పొయ్యాలో మళ్ళీ మొదటినుంచి చూపించింది.