అంచున చేరిన చుక్క

నక్షత్రాలు ఎక్కడ పుట్టాయో కనిపెట్టడం నా ఉద్యోగం. సౌదీలో దమ్మామ్ దగ్గర ఒక యూనివర్సిటీలో పళ్లెంలాంటి గెలాక్సీల అంచుల్ని చూస్తుంటాను. అక్కడ వాయువు పలచన, కొత్త చుక్క పుట్టడమే కష్టం. అయినా కొన్ని పుడతాయి. కొన్ని ముసలి చుక్కలు నడిమధ్య నుంచి వలస వస్తాయి. వెలుతురును విడదీసి చూస్తే ఏది ఎక్కడిదో చాలావరకు చెప్పేయొచ్చు. ఆ విద్య తెలుసన్న పొగరే నాచేత తప్పు చేయించింది.

శుక్రవారాలు నా ఫ్లాటు తుడవడానికి రాయచోటి మదార్బీ వచ్చేది, నాలుగేళ్ల షమీమ్‌ను చంకనేసుకుని. పనిచేసే ఇంట్లో కొడుతున్నారని ఐదేళ్ల కిందట పారిపోయి, తనలాంటివాళ్లు దాక్కునే ఒక రూములో చేరింది. యజమాని ఆమె మీద హురూబ్ రాయించాడు, అంటే పరారీలో ఉన్న మనిషని. ఆ ముద్ర పడితే ఆసుపత్రికీ పోలేరు, ఊరికీ పోలేరు. పాపకైతే అసలు ఏ కాగితమూ లేదు.

"అల్లా ఆ రూములోనే ఇచ్చినాడు మా," అనేది.

ఈ వేసవిలో హురూబ్ వాళ్లకు మాఫీ ఇచ్చారు. మదార్బీకి ఖురూజ్, అంటే దేశం విడిచి వెళ్లే అనుమతి వచ్చింది. పాపకూ రావాలంటే ఇద్దరికీ డీఎన్ఏ పరీక్ష చేయాలన్నారు. ఆమె నసుగుతుంటే నేనే విసుక్కున్నాను. ఫారం నింపాను, ఫొటో అంటించాను, పాప బొటనవేలు పట్టుకుని ముద్ర వేయించాను.

"దాంట్లో ఏం తెలుస్తాది మా?"

"ఎవరి బిడ్డో తెలుస్తుంది."

"పాలు పట్టింది ఎవరో గూడా తెలుస్తాదా?"

"అన్నీ తెలుస్తాయి, పద," అన్నాను కారు తాళాలు వెతుక్కుంటూ.

ఆమె ముఖం తేటపడింది. భయం పోయిందనుకున్నాను.

ఫలితంలో తల్లి కాదని వచ్చింది.

బకెట్ పక్కన చతికిలబడి అప్పుడు చెప్పింది. ఆ రూములో తనతోపాటు దాక్కున్న భీమవరం పిల్ల భాగ్యలక్ష్మి కాన్పులోనే పోయిందట. బొడ్డు కోసిందీ, డబ్బాపాలు పట్టి పెంచిందీ మదార్బీ.

"అన్నీ తెలుస్తాయంటివి గదా మా. సరిగ్గా సూడలేదేమో. మళ్లా సూడమని చెప్పు."

చన్నిచ్చిన తల్లి 'పాలిచ్చినా' అంటుంది. మదార్బీ 'పాలు పట్టింది' అంది. నా భాషే నాకు వినపడలేదు. గెలాక్సీ అంచుల్లో మూడో రకం చుక్కలూ ఉంటాయి, పక్కనున్న చిన్న గెలాక్సీ చెదిరిపోతే వచ్చి చేరినవి. చిక్కు తగ్గుతుందని నా పేపర్లో వాటిని వదిలేశాను.

ఆదివారం పాపను తెచ్చి అనాథ పిల్లల హోమ్‌లో అప్పగించమన్నారు అధికారులు. మదార్బీ తన ఖురూజ్ కాగితం నా బల్లమీద పెట్టింది.

"ఇది పాపకియ్యమని చెప్పు మా. నేనీడ్నే ఉంటా."

ఒకరిది ఇంకొకరికి చెల్లదని చెప్పాను. ఆమె పాపను ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఆదివారం రాలేదు. ఫోన్ కలవడం లేదు. కాగితం గడువు నా బల్లమీదే తీరిపోయింది. పోలీసులు ఇద్దరి కోసం వెతుకుతున్నారు. ఈసారి వాళ్లకు పెద్ద కష్టం లేదు. పాప ఫొటో, వేలిముద్ర, నెత్తురు అన్నీ నేనే ఇప్పించాను.