పాలతో వేసుకున్న మాత్ర

ఆదోని యార్డులో పత్తి కుప్పను పైపైన చూసి నేనెప్పుడూ ధర చెప్పలేదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి లోపలి దూది లాగి చూస్తాను. నా కడుపు దగ్గర మాత్రం పైపైనే చూసి మోసపోయాను.

నా భార్య వెంకటలక్ష్మి చనిపోయిన నెలలోనే నాకు షుగరు తేలింది. మాత్ర వేడి చేస్తుందని రెండు పూటలా గ్లాసుడు పాలతో మింగేవాణ్ణి. ఒంటిగాణ్ణి, రాత్రి భోజనమూ అదే, పాలూ బన్నూ. వారం తిరక్కుండా కడుపుబ్బరం, విరేచనాలు. వేలం మధ్యలో లేచి పరుగెత్తేవాణ్ణి. ఎమ్మిగనూరులో కూతురు శరణ్య ఇంటికి బస్సులో గంట. ఆ గంటను నమ్మలేక మూడు నెలలు పోలేదు.

"సీజనమ్మా" అనేవాణ్ణి ఫోనులో.

"సీజను యాడుంది నాయనా? అమ్మ పోయినాక మేము గూడా వద్దనుకున్యావా?" అంది ఒకరోజు.

కూతురితో ఆ సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఇదంతా మాత్రల వల్లేనని ఆ రోజే వాటిని ఆపేశాను. పది రోజులైనా కడుపు కుదురుకోలేదు, పైగా దాహం పెరిగింది. భయపడి డాక్టరు గిరిధర్ దగ్గరికి పోయాను.

"మాత్ర ఆపినా ఆగలేదంటే తప్పంతా మాత్రది కాదు శెట్టీ. దేంతో మింగుతాంటివి?"

"పాలతో. వేడి చేయకుండా. రాత్రికి ఇప్పటికీ పాలూ బన్నే."

"ముందు నుంచీ తాగేవాడివేనా?"

ఆలోచించాను. ముప్పై ఏళ్ళు నా గ్లాసులో మజ్జిగే. పాలు అడిగితే వెంకటలక్ష్మి, "యాడుండాయి? పెరుక్కు తోడేసినా పో" అనేది. పొదుపు అనుకున్నాను.

డాక్టరు నవ్వాడు. "పత్తిలో తేమ పట్టుకుంటావు, ఇది పట్టుకోలేకపోయినావే! నీకు పాలు అరగవు. పెరుగైతే పడుతుంది. మాత్ర మళ్ళీ మొదలుపెట్టు, అన్నం తిన్నాక, నీళ్ళతో. మొదట్లో కొంచెం ఇబ్బంది పెట్టినా సర్దుకుంటుంది."

రెండు వారాలకు ఎమ్మిగనూరు బస్సెక్కాను. మధ్యలో ఎక్కడా దిగలేదు. శరణ్య పాలగ్లాసు తెచ్చింది. వద్దని, సిగ్గు విడిచి అంతా చెప్పాను.

"అమ్మ సెప్పింది నాయనా, నీకు పాలు పోయొద్దని. నేనే మర్సిపోయినా."

"నాకెందుకు సెప్పలేదమ్మా?"

"'నేనుండాను గదా, ఆయప్పకెందుకు' అనింది అమ్మ."

తిరిగి వచ్చేటప్పుడు చిన్న డబ్బాలో పెరుగు ఇచ్చింది. ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఇంట్లో అన్నీ నలుగురికి సరిపడే గిన్నెలే. ఉన్నవాటిలో చిన్నది తీసి, గ్లాసుడు పాలు కాచి పోశాను. అడుగు మాత్రమే తడిసింది. డబ్బాలోంచి ఒక చెంచా కలిపి మూత పెట్టాను.