కింద అక్షరాలు పడే సినిమాలు

మా ఆయనకు ఫైటింగ్ సినిమాలంటే ప్రాణం. ఎన్ని జీపులు గాల్లోకి లేస్తే అంత మంచి సినిమా. అలాంటి మనిషి ఒకరోజు భోజనం చేస్తూ, "ముసలాయన చనిపోయిన భార్య కోటు మడతపెట్టే సీనుంది చూడూ, ఆ ఒక్కదానికోసమైనా ఆ సినిమా చూడాలి," అన్నాడు. నా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆ మాటలు ఆయనవి కావు. ఎవరో నేర్పినవే.

అక్కడి నుంచి వారానికో కొత్త సినిమా నెత్తికెక్కించుకున్నాడు. సముద్రం ఒడ్డున దీపస్తంభం కాపలావాడిది ఒకటి, ఇల్లు అమ్ముకునే అక్కాచెల్లెళ్లది ఇంకొకటి. అన్నీ మనకు రాని భాషలవే, కింద మన అక్షరాలు పడతాయి. పేపర్లో హెడ్డింగులు కూడా చదవని మనిషికి అవెందుకు నచ్చాయంటే, "ఎవరూ తొందరపడరు. ఒక్కో మాటకీ టైమిస్తారు," అంటాడు. ఒకప్పుడు నోరు విప్పడానికే బద్ధకించేవాడు. ఇప్పుడు నన్ను మాట్లాడనివ్వకుండా తనే చెప్పుకుపోతున్నాడు. ఆయన అభిమాన హీరో కొత్త సినిమాకు నేనే తీసుకెళ్తానంటే, మన సినిమాలు మునుపట్లా లేవని తప్పించుకున్నాడు.

ఈ సంగతి మా అన్నయ్య భార్య చెవిన వేశాను. వదిన నా టైలరింగ్ కొట్టుకొచ్చి, కుట్టుమిషన్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"మగాడి ఇష్టాలు ఊరికే మారవు. ఫోనెత్తుతున్నాడా?"

ఎత్తడం లేదు. ఏదైనా ఉంటే మెసేజ్ పెట్టమంటున్నాడు. ఫోను మోగకుండా చేసి చొక్కా జేబులో గుండెల మీద పెట్టుకుంటున్నాడు. వంటింట్లోంచి ఏమడిగినా జవాబుండదు.

"ఇంకేం మరి," అంది వదిన, నాకంటే ముందే తీర్పు చెప్పేసి.

ఆయన మెకానిక్. గ్యారేజీ యజమాని కూడా మొన్న దారిలో కనబడి నవ్వాడు. "వీధి చివర బండి వస్తుంటేనే చప్పుడు విని రోగం చెప్పేవాడమ్మా మీ ఆయన. ఇప్పుడు జ్వరం చూసినట్టు ఇంజన్ మీద చెయ్యి పెడుతున్నాడు." మనసు ఇంకెక్కడో ఉంటే పని మీద ధ్యాసెలా ఉంటుంది, అనుకున్నాను.

ఆయన సెలవు రోజున కొట్టు మధ్యాహ్నమే మూసేశాను. తేలితే ఇవాళే తేలాలి, లేదంటే బట్టలు సర్దుకుని అన్నయ్య ఇంటికి వెళ్లిపోవడమే. తలుపుకు చెవి ఆనించి విన్నాను. లోపల చడీచప్పుడూ లేదు. తాళం తీసి లోపలికెళ్లాను.

ఆయన ఒక్కడే ఉన్నాడు, టీవీకి బాగా దగ్గరగా. తెర మీద ఒకావిడ రైలు వెంట పరిగెడుతూ అరుస్తోంది. కింద అక్షరాలు పడుతున్నాయి. శబ్దం మాత్రం లేదు.

"ఎవరామె?" అన్నాను వెనక నుంచి.

తిరగలేదు.

"మిమ్మల్నే. ఎవరో చెప్పండి, నా దారిన నేను పోతాను."

ఆయన ముక్కు తుడుచుకుని తెర వైపే చూస్తున్నాడు. ఒళ్లుమండి తాళాల గుత్తి నేలకేసి కొట్టాను. అయినా కదల్లేదు. అప్పుడు చూశాను, తెర మూలన సౌండ్ బొమ్మ మీద అడ్డగీత. మ్యూట్ ఎప్పుడు నొక్కాడో, ఆ సంగతే ఆయనకు తెలియదు.

ఫోనెందుకు ఎత్తడో, ఇంజన్ మీద చెయ్యెందుకు పెడుతున్నాడో, నా మాటకు అవకాశమివ్వకుండా ఎందుకంత మాట్లాడుతున్నాడో ఒక్కసారిగా తెలిసొచ్చింది. చెవులు పోతున్నాయని బయటపడితే పని పోతుంది. అందుకని నా దగ్గర కూడా దాచాడు. ఆ భయాన్ని ఒంటరిగా మోస్తున్న మనిషి పక్కన, అసలు లేనే లేని ఆడదాన్ని వెతికాను నేను. సిగ్గుతో ఏడుపొచ్చింది.

కళ్లు తుడుచుకుని ఎదురుగా వెళ్లాను. ఉలిక్కిపడ్డాడు.

"ఎప్పుడొచ్చావ్? రా, కూర్చో. ఇది తప్పకుండా చూడాలి. ఎవరేమన్నా ఒక్క మాట కూడా పోదు ఇందులో." పక్కకు జరిగి రిమోట్ అందుకున్నాడు. "సౌండ్ మరీ ఎక్కువుందా? తగ్గించనా?"

ఆయన ముఖంలోకి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"వద్దు. ఇంతే ఉండనివ్వండి."