పాటకు యజమాని

ఎసట్లో బియ్యం పోసి, గరిటెతో ఒక చుట్టు కలిపి, పుట్టమ్మ మూత వారగా పెట్టింది. గూళూరు సర్కారీ కన్నడ బడిలో నూట నాలుగు మంది పిల్లలకు పద్దెనిమిదేళ్ళుగా మధ్యాహ్నం ఆమె చేతి వంటే. మోచేతుల దాకా పాత కాలిన మచ్చలు, పసుపు దిగిపోయిన గోళ్ళు, పొయ్యి ముందు వంగి వంగి ముందుకు కుంగిన భుజాలు. నిన్నటితో అరవై నిండాయి. సర్కారు లెక్క ప్రకారం ఈ రోజే ఆఖరు. రేపటినుంచి వీణ అనే కొత్తమ్మాయి వస్తుంది.

దానికి పుట్టమ్మ ఏడవలేదు. ఆమెకు ఒళ్ళు మండుతున్నది పాట గురించి.

మధ్యాహ్నం గంట కొట్టగానే పిల్లల్ని పిలవడానికి ఆమె పాడే పాట అది. "రాశి పోసినాను రాండి పిల్లల్లారా, రాలిన మెతుకైనా మీదే రాండి" అని మొదలవుతుంది. రాగుల కళ్ళంలో తూర్పారబడుతూ ఆమె అత్త పాడేది. పుట్టమ్మ రాగుల చోట అన్నం పెట్టుకుంది, అంతే. ఇంట్లో తెలుగు తప్ప వినని ఒకటో తరగతి పిల్లలు కన్నడ అక్షరాలకు బెదిరి ఏడుస్తూ కూడా, ఈ పాట వినబడితే కళ్ళు తుడుచుకుని పళ్ళెం పట్టుకుని వచ్చేవాళ్ళు.

రెండేళ్ళ కిందట ఆ బడిలో పాఠాలు చెప్పే నందీశ్ మేష్ట్రు దాన్ని ఫోన్లో పట్టి నెట్లో పెట్టాడు. ఆమెను అడగలేదు. మంచిపనికి అడిగేదేముంది అనుకున్నాడు. పైగా పేరు రాయాల్సిన చోట 'జానపదం, ఎవరిదో తెలియదు' అని రాశాడు. రోజూ తినేది మాత్రం ఆమె వండిన అన్నమే. పాట చింతామణి దాటి, చిక్కబళ్ళాపురం దాటి ఎక్కడెక్కడికో పోయింది. ఎవరిదో తెలియనిది కదా అని బెంగళూరు పాటల కంపెనీ ఒకటి దానికి డప్పులు తగిలించి తనదని రిజిస్టరు చేసుకుంది. పోయిన వారం బడి వీడియో మూగబోయింది. అందులో పుట్టమ్మ నోరు ఆడుతుంది, గొంతు రాదు. ఆ వెనకే, తమ పాట దొంగిలించాడని మేష్ట్రు పేరున కంపెనీ నోటీసు.

మధ్యాహ్నం గంట కొట్టడానికి కాస్త ముందు కంపెనీ తరపు మనిషి గిరీశ్ బండి దిగాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. వంటింటి గడప దగ్గరే కాగితం చాపాడు.

"ఈ పాట మా రికార్డింగులో విని నేర్చుకున్న్యానని ఇందులో రాసి ఉండాదమ్మా. వేలిముద్ర వేస్తే కేసుండదు. బడి వీడియో గూడా మళ్ళా వస్తాది," అంటూ సిరా డబ్బా తెరిచాడు.

"నాలుగో క్లాసు చదివినానప్పా. నాకు రాసేది వచ్చు."

నందీశ్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "పుట్టమ్మా, పైన చదువుల ఇలాఖా ఆఫీసు దాకా పోతే నా ఉద్యోగానికే ముప్పొస్తాది. ఇద్దరు పిల్లలుండారు," అన్నాడు.

పుట్టమ్మకు నిజంగానే జాలేసింది. ఒక్క సంతకం. పెడితే ఈ మనిషి గండం గడుస్తుంది, తను ఎట్లాగూ రేపు ఉండదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. చదివేసరికి అత్త గుర్తొచ్చింది, చేటతో సహా.

"మా కళ్ళంలో ఒక కట్టుబాటు ఉండాదప్పా. పాట తీసుకున్నోళ్ళు ఇచ్చినోళ్ళ ముందర ఒకసారి పాడాల. ఇది మీదే అంటాండారు గదా, పాడు. ఇప్పుడే సంతకం పెడతా."

గిరీశ్ నవ్వి ఫోను తీశాడు.

"ఫోను కాదప్పా. నువ్వు."

"నేను ఆఫీసు మనిషినమ్మా..." అంటూనే గొంతు సవరించుకున్నాడు. 'రాశి' అన్నాడు. అక్కడే ఆగిపోయాడు.

"సొంతగాడికే రెండు ముక్కలు రాకపోతే ఎట్లప్పా?" అని పుట్టమ్మ నందీశ్ వైపు తిరిగింది. "మేష్ట్రూ, మీరూ అడగలే. మీరూ పాడాల."

నందీశ్ తల వంచుకుని పాడాడు. శృతి లేదు, తాళం లేదు, కానీ ఒక్క మాట తప్పలేదు. రెండేళ్ళుగా రోజూ విన్న పాట.

"ఇప్పుడు అడుగుతాండాను," అన్నాడు ఆఖర్న. "మళ్ళా పెట్టేదా?"

"పెడితే మీ అకౌంటే పోతాది సార్, కేసూ తప్పదు," గిరీశ్ గొంతు పెంచాడు.

"పోనీప్పా," అన్నాడు నందీశ్. ఫోను ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు.

పుట్టమ్మ ఫోను ముందు నిటారుగా నిలబడింది. "నేను గూళూరు బడి పుట్టమ్మ. ఈ పాట మా అత్తది. ఆయమ్మకు యాడ దొరికిందో తెలీదు. కావల్సినోళ్ళు తీసుకోండి, పాడుకోండి. నాదే అని ఎవురన్నా తలుపేసుకుంటే మాత్రం ఒప్పుకోను, నేనైనా సరే."

గంట కొట్టారు. ఆమె పాట ఎత్తుకుంది. వరండాలో నూట నాలుగు గొంతులు అందుకున్నాయి. గిరీశ్ కాగితాన్ని పొయ్యి గట్టు మీద పడేసి, ఆలోచించుకోమని అరిచి వెళ్ళిపోయాడు. ఆ గోలలో అది ఎవరికీ వినబడలేదు.

మూడున్నరకు నందీశ్ తరగతిలో ఉండగా, పుట్టమ్మ గిన్నెలు బోర్లించి, చెప్పులు తొడుక్కుని ఇంటికి బాగేపల్లి బస్సెక్కింది. ఎవరికీ చెప్పలేదు. వంటింటికి తాళం వేయడానికి వచ్చినప్పుడు గానీ అతనికి ఆమె వెళ్ళిపోయినట్టు తెలియలేదు. గట్టు మీద కంపెనీ కాగితం వెనక్కి తిప్పి ఉంది. పైన 'రేపొచ్చే వీణకు' అని, దాని కింద పాటంతా, తెలుగు మాటలే, కన్నడ అక్షరాల్లో, వంకరటింకరగా, ఒక్క మెతుకూ రాలకుండా. నందీశ్ దాన్ని తిప్పి చూశాడు. సంతకం చోటు తెల్లగానే ఉంది. పక్కన సాంబారు చుక్క ఒకటి పడి పచ్చగా ఆరిపోయింది.