కల్చర్ గదిలో మూడు రోజులు

శీలావతి చేపపిల్లను ఐసులోంచి తీసి, బ్లీచింగు నీళ్లలో ముంచి, స్పిరిట్‌తో తుడిచింది దుర్గాశ్రీ. ఇక ఆగడానికి వీల్లేదు. రెక్క కత్తిరించాలి, మందు కలిపిన ఉప్పునీటిలో మూడుసార్లు కడగాలి, ఆవగింజకన్నా చిన్న ముక్కలుగా తరగాలి. ముక్కలు సీసా అడుగున అంటుకుంటే వాటి చుట్టూ కొత్త కణాలు పుడతాయి; దాన్నే కల్చర్ అంటారు. చేపల జబ్బులకు మందులు ఆ కణాల మీదే పరీక్షిస్తారు. ఆలస్యమైతే ముక్కలు చచ్చిపోతాయి.

పొద్దుటినుంచి ఆమెకు పొత్తికడుపులో నొప్పి. ఆ సంగతి గోడకి వేలాడే రిజిస్టరులో రాయాలి. రాయలేదు.

అమలాపురం శివార్లలోని ఆ ప్రైవేటు ల్యాబ్‌లో అది నియమం. ఏప్రిల్లో సీసాలకు బూజు పట్టడం మొదలయ్యాక మేనేజరు సుబ్రహ్మణ్యేశ్వరరావు పెట్టాడు. నెలసరి వచ్చిన ఆడవాళ్లు ఆ తేదీ రాసి మూడు రోజులు ఇంట్లో ఉండాలి. ఆ రోజులకు జీతం లేదు. సీసాలు కడిగే సత్యవతికి రోజుకు మూడువందల యాభై. దుర్గాశ్రీ ఎమ్మెస్సీ చదివింది. రెండేళ్లు మాననని బాండు రాసిచ్చింది. ఆమె సర్టిఫికెట్లు మేనేజరు బీరువాలో ఉన్నాయి. ఇంకా పద్నాలుగు నెలలు.

అద్దాల తలుపు తోసుకుని, చెప్పులతోనే లోపలికి వచ్చాడు మేనేజరు.

"పన్నెండు సీసాలు మళ్లీ పోయేయమ్మా. పైవాళ్లకి ఏం చెప్పమంటావు?"

"ముక్కలు కోసే ఈ హుడ్‌లో గాలి శుభ్రం చేసే ఫిల్టర్ మార్చి రెండేళ్లయిందండి. మూడుసార్లు రాసిచ్చేను."

"ఫిల్టర్ నలభై వేలు. నువ్విస్తావా?" కాగితం బల్ల మీద పెట్టాడు. "సత్యవతి తేదీ దాచి లోపలికొచ్చిందని రాశాను. సంతకం పెట్టు. ఆవిణ్ణి మానిపించేస్తే గొడవ వదిలిపోద్ది."

తలుపు అవతల సత్యవతి చేతులు సబ్బునీళ్లలోనే ఆగిపోయాయి. ఆమెకు నలభై తొమ్మిదేళ్లు.

"నేను దాచలేదండీ బాబూ," అంది గుమ్మం దగ్గరికొచ్చి. "నాకవి ఆగిపోయి ఏడాది దాటిందండి."

"మరి నెలనెలా తేదీ రాయిస్తున్నావు కదా?"

"రాయించకపోతే దాచేనంటారని, ఏదో ఒక తేదీ చెప్పేదాన్నండి. మీరు పొమ్మంటే పోయేదాన్నండి." ఆమె తల ఎత్తలేదు.

ఐదు నెలలు. పదిహేను రోజుల కూలి. ఆ తేదీలన్నీ దుర్గాశ్రీ తన చేత్తోనే రాసింది. ఒక్కసారైనా ఆమె ముఖం చూసి అడగలేదు.

"సంతకం పెట్టనండి," అంది.

"ఏంటీ?"

"ఇవాళ బయటున్నది నేనండి. పొద్దుట్నుంచీ ఇక్కడే ఉన్నాను. పోయిన సీసాలు వారం కిందటివి."

మేనేజరు రెండడుగులు వెనక్కి వేశాడు, ముట్టుకుంటుందేమో అన్నట్టు. "ముందు బయటికి రా!"

"ఈ రెక్క తరిగి ముక్కలు సీసాలో పెట్టేదాకా రానండి."

"మీ నాన్నకి ఫోన్ చేస్తాను. సర్టిఫికెట్లు ఎవరి దగ్గరున్నాయో మర్చిపోకు."

తలుపు దభాలున పడింది. దుర్గాశ్రీ మోచేతులు బల్లకి ఆనించి రెక్క తరగడం మొదలుపెట్టింది. ఐనవిల్లిలో నాన్న కొబ్బరికాయలు ఒలుస్తూ ఉంటాడు. బాండు అయ్యేదాకా తల వంచుకుని ఉండమ్మా అని చెప్పి పంపాడు.

కాసేపటికి అద్దం అవతల సత్యవతి, బయట పెట్టి వచ్చిన దుర్గాశ్రీ ఫోన్ పైకెత్తి చూపించింది. తెర మీద 'నాన్న' అని వెలుగుతోంది. ఏం చెయ్యమంటారు అన్నట్టు చూసింది.

దుర్గాశ్రీ తల అడ్డంగా ఊపి, చిన్న పట్టకారుతో తర్వాతి ముక్క తీసుకుంది. ఫోన్ మోగుతూనే ఉంది.