గోళ్ళరంగు గీత

మందు తాగగానే పిట్ట, సిరంజి ఎవరి చేతిలో ఉంటే వాళ్ళకు ముద్దు పెడుతుంది. సిరప్ అంటిన మూతితో, జిగురుజిగురుగా, చెంప మీద గట్టిగా. ఆ ఇంట్లో రోజూ జరిగే వందపనుల్లో తనకు కావాలని పిట్ట తల్లి కోరుకున్నది అదొక్కటే. అదేమో రోజూ భర్తకు దక్కుతోంది.

పిట్టకు నాలుగేళ్ళు. ఆర్నెల్ల కిందట ఆడుకుంటూ ఆడుకుంటూ ఫిట్స్ వచ్చి పడిపోయింది. పొద్దునా సాయంత్రం సిరప్ తప్పకూడదన్నారు డాక్టరమ్మ. ఒక్కో ఇంటి చెంచా ఒక్కో సైజు, చెంచాలతో పోయొద్దని సూది లేని సిరంజి ఇచ్చారు. మొదటి నెలంతా మందు పోసింది తల్లే. పిల్ల ఉమ్మేది, తన్నేది. ఆమె దాన్ని మోకాళ్ళ మధ్య అదిమిపట్టి, బుగ్గ లోపలికి కొంచెంకొంచెంగా వదిలేది. ఆ ఏడుపు వినలేక భర్త బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. పిల్ల దారికొచ్చి, నోరు తెరవడం నేర్చుకున్నాక, ఒక ఆదివారం "ఇలా తే, నేను పోస్తా" అంటూ వచ్చాడు. నోటితో విమానం మోత చేశాడు. పిట్ట కిలకిలా నవ్వి తాగేసింది. ఆ రోజు నుంచి అతను మందు పోసే నాన్న. పిల్లకు అమ్మ అంటే గుర్తున్నది ఆ మోకాళ్ళే.

సీసా ఊపడం, సిరంజిలోకి మందు లాగడం, కంటికి ఎదురుగా పెట్టి చూడటం, గాలిబుడగ ఉంటే వేలితో కొట్టి పోగొట్టడం, సాసర్లో సిద్ధంగా పెట్టడం, తర్వాత కడిగి ఆరబెట్టడం, క్యాలెండరు మీద టిక్కు పెట్టడం, ఇవన్నీ ఆమెవి. పొద్దుటి తొందరలో పొరబడకూడదని సిరంజి మీద అయిదో అంకె దగ్గర ఎర్ర గోళ్ళరంగుతో సన్నటి గీత గీసుకుంది. ఆ రంగు ఆమె గోళ్ళ మీదికి వచ్చి ఏడాదైంది. అతను స్నానం చేసి వస్తాడు, సాసర్లోది తీసుకుంటాడు, విమానం నడుపుతాడు, ముద్దు పుచ్చుకుని ఆఫీసుకు వెళ్ళిపోతాడు.

ఆమె స్కూల్లో ల్యాబ్ అసిస్టెంటు. బెల్లు కొట్టకముందే ద్రావణాలన్నీ కొలిచి వరసగా పెట్టేది ఆమె. సైన్సు మాస్టారు వచ్చి ఒకదాంట్లో ఒకటి పోసి రంగు మారుస్తాడు, పిల్లలు ఆయనకు చప్పట్లు కొడతారు. అది జీతానికి చేసే పని కాబట్టి సర్దుకుపోయింది. ఇంట్లో సర్దుకోలేకపోయింది. కన్నకూతురి ముద్దు కోసం కట్టుకున్నవాడి మీద కుళ్ళుకుంటున్నానా అని సిగ్గేసేది. సిగ్గుపడినంత మాత్రాన కుళ్ళు తగ్గలేదు.

నిన్న సాయంత్రం అత్తగారి అక్క వచ్చింది. విమానం చూసి బుగ్గలు నొక్కుకుంది. "ఎంత ఓపికరా నీకు! పిల్లలకి ఒళ్ళు వెచ్చబడితే చాలు, మీ పెదనాన్న చెప్పులేసుకుని బయటికి పోయేవాడు."

"వాడి చేతిలో ఏముందో గానీ అక్కా, వాళ్ళమ్మ పోస్తే మాత్రం పిల్ల ఇల్లు పీకి పందిరేసేది," అన్నారు అత్తగారు.

"ఏముంది పెద్దమ్మా, కాస్త ప్రేమగా పోస్తే చాలు," అన్నాడతను.

ప్రేమగా! టీ కప్పులు తీస్తున్న ఆమెకు ఆ ఒక్క మాట మింగుడుపడలేదు.

ఈరోజు పొద్దున సాసర్లో సిరంజి ఖాళీగా పెట్టింది. పక్కన కొత్త సీసా. పాత రకం ఇక దొరకడం లేదని డాక్టరమ్మ వేరేది రాశారు. "దీంట్లో మందు రెండింతలు ఉంటుందమ్మా. అయిదు కాదు, రెండున్నరే. పొరబడితే పిల్ల మత్తుగా పడిపోతుంది," అని హెచ్చరించి, ఆమె చేత తిరిగి చెప్పించుకుని మరీ పంపారు. సీసా మీదా రాసే ఉంది. గీత మాత్రం ఇంకా అయిదు దగ్గరే ఉంది. చెరిపి కిందికి జరపాల్సింది ఆమే. జరపలేదు.

"ఈరోజు మీరే తీసి పోయండి," అంది.

"తీసి పెట్టలేదా? నాకు టైమవుతోంది."

"అది కొత్త సీసా అండీ."

"ఏదైతే ఏముంది, గీత ఉందిగా!"

చెప్పేయొచ్చు. మాట నోటి దాకా వచ్చింది. సోఫాలో అత్తగారూ పెద్దమ్మా కూర్చుని చూస్తున్నారు. వాళ్ళ కళ్ళముందే అతను తప్పు చేయాలని, ఆ ప్రేమ ఏపాటిదో వాళ్ళకు తెలియాలని ఆమె కోరుకుంది. నిజంగానే కోరుకుంది. మందు రెండున్నర దాటింది. మూడు. నాలుగు. గీత దగ్గర ఆగింది. అతను విమానం మోత మొదలుపెట్టాడు. పిట్ట కళ్ళు గట్టిగా మూసుకుని నోరు బార్లా తెరిచింది.

ఆ నోరు చూసేసరికి ఆమె ఇక ఆగలేకపోయింది. ఒక్క అంగలో వెళ్ళి అతని మణికట్టు పట్టుకుంది.

"ఆపండి! అది రెట్టింపు. సీసా మీద ఏముందో చదివారా?"

"నువ్వు చదివావుగా!" అన్నాడు. అన్నాక, తన మాట తనకే వినిపించినట్టు సీసా వైపు చూశాడు.

"చదివాను. తెలిసీ చెప్పలేదు. అది నా తప్పే."

"తెలిసీ నోరు మూసుకున్నావా? తల్లివేనా నువ్వు?" అత్తగారు లేచి నిలబడ్డారు.

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. ఆమె కళ్ళు తుడుచుకుంది గానీ తల దించుకోలేదు. "నన్ను అడిగారు, బాగుంది. చదవకుండా పోయబోయిన తండ్రిని కూడా అడగండి అత్తయ్యా."

ఆమె సిరంజి ఖాళీ చేసి, కడిగి, రిమూవర్లో దూది తడిపి గీత చెరిపేసింది. ఉత్త అంకెలు మిగిలాయి. సిరంజీ, సీసా అతని చేతిలో పెట్టింది.

"గట్టిగా చదవండి."

అతను బడిపిల్లాడిలా కూడబలుక్కుంటూ చదివాడు. మందు లాగాడు.

"కంటికి ఎదురుగా పెట్టండి. బుడగ ఉంది చూడండి."

మూడుసార్లు లాగితే గానీ రెండున్నర కుదరలేదు. అతని ఆఫీసు బస్సు వెళ్ళిపోయింది. కుదిరాక, అలవాటుగా పిల్ల వైపు అడుగు వేశాడు.

ఆమె చెయ్యి చాపింది. అంకె సరిచూసుకుని సిరంజి తీసుకుంది. "ఇకనుంచి చదవడం, కొలవడం, కడగడం, టిక్కు పెట్టడం మీవి. మీరు కొలిచింది నేనొకసారి చూస్తాను. పోసేది నేను."

పిల్లను ఒళ్ళోకి లాక్కోలేదు. నేల మీద, దాని ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"అమ్మా, విమానం?" అంది పిట్ట అనుమానంగా.

"నాకు రాదే."

"పోనీలే, నేనే చేస్తా," అని పిట్టే బుర్రుమని మోత చేసి, నోరు తెరిచింది. తాగింది. పెదాలు చప్పరించింది. ముందుకు వంగింది.

ఖాళీ సిరంజి కడగమని భర్త చేతికిచ్చి, ఆమె చెంప తుడుచుకోకుండానే స్కూలుకు వెళ్ళింది.