బీరమ్మ రెండో జ్వరం

మొదటి జ్వరానికి గోలీలు ఇచ్చిన ఇరవై ఆరో రోజున బీరమ్మకు మళ్ళీ చలిజ్వరం వచ్చింది. మొయినాబాద్ దవాఖానలో రక్తం పరీక్షించేది నేనే. మలేరియా క్రిములు మళ్ళీ కనిపించాయి.

"గోలీలు పారేసి ఉంటది సార్," అన్నాడు ఆమెను కూలికి పెట్టుకున్న మేస్త్రీ ఎల్లేశ్. "రేపటి సంది వేరేటామెను పెట్టుకుంట."

నోరు గరుకే గానీ, ఆమెను తన బండి మీద తెచ్చింది అతనే.

"అన్నీ మింగిన సార్, యేసయ్య సాక్షి!" అంది బీరమ్మ వణుకుతూ. మొదటి రోజువి నా ముందే మింగింది. మిగతావి నేను చూడలేదు.

"అయితారం దాకా ఆగు ఎల్లేశ్," అని బతిమాలాను.

నగరంలోని పరిశోధన కేంద్రానికి మేము జ్వరం రోగుల వయసు, పని, ఊరు రాసి, కాగితంపై రక్తపు చుక్క పంపేవాళ్ళం. పాత క్రిములే మిగిలాయా, కొత్తవి చేరాయా అన్నది వాటి జన్యువులు చెబుతాయి. బీరమ్మ రెండో చుక్క ఆరోజే పంపాను.

శనివారం పొద్దున్నే అక్కడి అశ్విని ఫోన్ చేసింది.

"రెండు చుక్కలూ కలవలేదు సార్! పాతవి లేనేలేవు. ఇవి కొత్తవి, మూడు రకాలు!"

కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. గోలీలు పనిచేశాయి. బీరమ్మ అబద్ధమాడలేదు!

"ఇంకో వింత సార్. మీరు పంపిన చేవెళ్ల అంజిలయ్య రక్తంలోనూ ఇవే మూడు. ఈమెదేమో మీ జిల్లాలోని ప్రొద్దుటూరు. ఎట్ల సాధ్యం?"

రిజిస్టర్ తిరగేశాను. ఇద్దరూ ఎల్లేశ్ కూలీలే! నా భార్య పోయాక అంత వేగంగా స్కూటర్ ఎప్పుడూ నడపలేదు. గండిపేటలో సాఫ్ట్‌వేర్ వాళ్ళ కోసం ఎల్లేశ్ కూలీలు కడుతున్న అపార్ట్‌మెంట్ ముందు ఆగాను.

"బీరమ్మా, రాత్రిళ్ళు ఏడ పంటవ్?"

"గీడ్నే, కింద సెల్లార్ల. అంజిలయ్యన్న గూడ గీడ్నే."

"మరి ప్రొద్దుటూరని చెప్పినవ్?"

"నువ్వు ఊరడిగినవ్, చెప్పిన. పండేది అడిగినవా?"

నిజమే. మా వైపు ఊరంటే ఇల్లూ పొలమూ ఉన్న చోటే, ఏడాదంతా ఎక్కడున్నా సరే. అది తెలిసీ తప్పుగా అడిగింది నేనే.

సెల్లార్ మూలన నీళ్లు నిలిచి ఉన్నాయి. గరిటెతో తీసి వెలుతురులో పెట్టాను. దోమ లార్వాలు నీటిపై అడ్డంగా తేలుతున్నాయి. మలేరియా దోమ పిల్లలే అలా తేలుతాయి.

"చూడు ఎల్లేశ్! జ్వరం పుట్టింది గీడనే. ఆమె తప్పేం లేదు!"

ఎల్లేశ్ గరిటె అందుకుని నీళ్లు పారబోశాడు.

"నీళ్లు ఇయ్యాలనే తోడిపిస్త సార్," అని బీరమ్మ వైపు తిరిగాడు. "జ్వరం తగ్గినంక పనిలకు రా. అందరు సామాన్లు మూడో అంతస్తుకు ఎక్కియ్యుండ్రి."

"చెరువు గాలి తగిలే రూం నాది," అంటూ బీరమ్మ చాప చంకన పెట్టుకుంది. "ఇల్లు కొన్నోళ్ళొచ్చేదాంక ఎవ్వరికియ్య!"